భోజనం తర్వాత నడవడానికి చోటేది?

షుగర్ లెక్కలు బయటికొచ్చిన ప్రతిసారీ మన దగ్గర చర్చ తీపి, టెన్షన్, వంశం అనే మూడు మాటల చుట్టూనే తిరుగుతుంది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గడప దాకా వచ్చేశారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి సర్వే తేల్చినప్పుడూ ఇదే జరిగింది. అన్నం తిన్నాక కదలకుండా కూర్చునే రెండు గంటల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. హైదరాబాద్‌లో ఈ జబ్బు ఇంతగా ముదరడానికి అసలు కారణం ఆ రెండు గంటలే. వాటిలో పది నిమిషాలు నడుద్దామన్నా చోటు లేకుండా చేసింది ఈ నగరం.

ముందు కంచం సంగతి చూద్దాం. షుగర్ ఉందో లేదో తేల్చడానికి పరగడుపున 75 గ్రాముల గ్లూకోజును ఓ గ్లాసు నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటలు కూర్చోబెట్టి రక్తం తీస్తారు. 140 లోపు వస్తే మామూలు, 200కు చేరితే షుగర్, మధ్యలో ఉంటే ముందస్తు దశ. ఒంటి సత్తా ఎంతో తెలుసుకోవడానికి వైద్యులు పెట్టుకున్న కొలత ఆ 75 గ్రాములు. ఇప్పుడు రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు తీసుకోండి. దాని నిండా పోస్తే సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. అందులో పిండిపదార్థమే 115 గ్రాములకు పైన ఉంటుంది. ఉడికితే 400 గ్రాముల దాకా అన్నమవుతుంది. పప్పుతో ఓసారి, కూరతో ఓసారి, చారుతో ఓసారి, ఆఖర్న పెరుగుతో ఓసారి కలుపుకునే ఇంట్లో అది ఒక్క మనిషి ఒక్క పూట భోజనం. పప్పు, పెరుగు, కూరలో పీచు ఉన్నాయి కాబట్టి గ్లూకోజు నీళ్లంత వేగంగా ఇది రక్తంలో కలవదు, నిజమే. కానీ చివరికి లోపలికి చేరేది ల్యాబ్‌లో తాగించేదానికి ఒకటిన్నర రెట్లు. పొద్దున ఇడ్లీ, ఉప్మా, సాయంత్రం చాయ్, ఉస్మానియా బిస్కెట్ల లెక్క ఇందులో కలపనే లేదు.

ఈ కంచాన్ని తప్పుపట్టే ముందు ఒక మాట చెప్పాలి. నగరంలోని ఐదు రూపాయల భోజనంలో పెట్టేదీ దాదాపు ఇంతే: 400 గ్రాముల అన్నం, 120 గ్రాముల సాంబారు, 100 గ్రాముల కూర, కొంచెం పచ్చడి. అడ్డా మీది కూలీ అది తిని మళ్లీ ఇసుక తట్ట ఎత్తుకుంటాడు, సాయంత్రానికల్లా ఆ అన్నం కరిగిపోతుంది. అతనికి అది సరైన తిండే. అదే అన్నం తిని క్యాబ్ స్టీరింగ్ ముందో, మాదాపూర్‌లో కంప్యూటర్ ముందో, దిల్‌సుఖ్‌నగర్‌లో షాపు గల్లా దగ్గరో కూర్చునేవాళ్లకే అసలు చిక్కు.

తిన్నాక రక్తంలోకి వచ్చే గ్లూకోజులో పెద్ద వాటా కండల్లోకి వెళ్లాలి. అందులోనూ తొడలు, పిరుదులు, పిక్కల వంటి పెద్ద కండలదే ముఖ్యమైన పని. కండ ఒక గోదాము. మామూలు మనిషి కండలన్నీ కలిపి సుమారు 400 గ్రాములు, కాలేయం మరో 100 గ్రాములు దాచుకోగలవు. ఉన్న సరుకు బయటికి పోతేనే కొత్త సరుకుకు చోటుంటుంది, కదిలితేనే అది బయటికి పోతుంది. కదిలే కండకు ఇంకో గుణం కూడా ఉంది. ఇన్సులిన్ వచ్చి తలుపు తీసేదాకా ఆగకుండా గ్లూకోజును తనంతట తానే లాక్కుంటుంది. ఇన్సులిన్ మాట వినడం మానేసిన ఒంట్లో కూడా ఈ దారి మూసుకుపోదు. షుగర్ వచ్చి పదేళ్లయినవాళ్లకు సైతం నడక పనిచేసేది ఇందుకే.

కాళ్లు ఆగిపోతే ఏమవుతుందో చూడండి. కండలో చోటు లేక మిగిలిన గ్లూకోజును కాలేయం కొవ్వుగా మారుస్తుంది. కొంత ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి వదులుతుంది, కొంత తనలోనే పేర్చుకుంటుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ వద్దంటున్నా రాత్రంతా గ్లూకోజు తయారుచేస్తూనే ఉంటుంది. రాత్రి ఎనిమిది తర్వాత ఏమీ ముట్టుకోని మనిషికి పొద్దున పరగడుపు షుగర్ (ఫాస్టింగ్) హద్దు దాటి 118 వచ్చిందంటే ఈ కాలేయాన్నే అనుమానించాలి. ఈలోగా క్లోమగ్రంథి మామూలుకంటే ఎన్నో రెట్లు ఇన్సులిన్ పోస్తూ ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది. అది చేతులెత్తేసిన తర్వాతే రిపోర్టులో షుగర్ అని రాస్తారు. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మరో పదేళ్లకు ఈ నగరంలో రాబోయే షుగర్ కేసులు ఆ కాలేయాల్లో ఇప్పటికే తయారవుతున్నాయి.

చాలామందిలో ముందు తప్పేది తిన్న తర్వాతి షుగరే, ఫాస్టింగ్ మామూలుగానే ఉంటుంది. కంపెనీ చెకప్‌లో ఫాస్టింగ్ ఒక్కటే చూసి పంపించేస్తే జబ్బు చేతికి చిక్కదు. 30 దాటినవాళ్లు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా అడిగి చేయించుకోవాలి. అది 5.7 నుంచి 6.4 మధ్య వస్తే గడప దగ్గర ఉన్నట్టు. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో ఆ అంకె అసలుకంటే ఎక్కువగా చూపించవచ్చు. వాళ్లకు గ్లూకోజు నీళ్ల పరీక్షే నమ్మకమైనది.

ఇక చపాతీ. రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే గండం గడిచిందని మన ఊళ్లో గట్టి నమ్మకం. 30 గ్రాముల పిండితో ఒక్కోటి చొప్పున నాలుగు చపాతీలు తింటే 80 గ్రాములకు పైగా పిండిపదార్థం లోపలికి పోయినట్టే. రాగి జావ, కొర్ర ఉప్మా పేరు చెప్పుకుని గిన్నెలు ఖాళీ చేసేవాళ్లదీ ఇదే దారి. పైన చెప్పిన సర్వే ఆహారపు లెక్కలు 2025లో వెలువడ్డాయి. మనం తినే కేలరీల్లో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. బియ్యం తీసేసి గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనబడలేదు. మొత్తం పిండి తగ్గి ఆ చోట్లోకి పప్పో, గుడ్డో, పాలో వచ్చినప్పుడే తేడా కనిపించింది. ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటకూడదని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. మన మెస్సుల్లోనేమో అన్నం ఎంతైనా వడ్డిస్తారు, పప్పు రెండోసారి అడిగితే మొహం చిట్లిస్తారు. రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్న ప్రభుత్వం కందిపప్పును కూడా అదే పట్టుదలతో ఇవ్వాలి.

ఇదంతా వంశపారంపర్యమేనని, పైగా పరీక్షలు పెరిగాయి కాబట్టే లెక్క పెరిగిందని వాదించేవాళ్లున్నారు. వంశానికి పాత్ర లేదని ఎవరూ అనలేరు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు యడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటోనే లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చువేసి చూపించారు. ఎత్తుకు బరువు ఎంతో చెప్పే బీఎంఐ ఇద్దరిదీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనబడే మనవాళ్లలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. కానీ 2023 సర్వేలోనే పట్టణాల్లో షుగర్ 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. రెండు చోట్లా ఉన్నది ఒకే వంశాల జనం. సర్వే వాళ్లు ఎంచుకున్న ఇళ్లకు తామే వెళ్లి ఇంటికొకరికి పరీక్ష చేశారు కాబట్టి పట్నంలో ల్యాబ్‌లు ఎక్కువన్న మాటా చెల్లదు. కండ తక్కువగా పుట్టిన జాతికి కాళ్లు మరింత ఎక్కువగా ఆడాలనే ఆ ఫొటో చెబుతోంది.

నడవమని డాక్టర్లందరూ చెబుతారు, ఎప్పుడో మాత్రం చెప్పరు. రక్తంలో గ్లూకోజు శిఖరానికి చేరేది తిన్న గంట, గంటన్నరకు. చేయి కడుక్కున్న పావుగంటకు బయల్దేరి పది పదిహేను నిమిషాలు కాస్త చురుగ్గా నడిస్తే ఆ శిఖరం దిగుతుంది. కారులో కేబీఆర్ పార్కుకు వెళ్లి పొద్దున ఆరింటికి చేసే నడక గుండెకు, బరువుకు మంచిదే. కానీ హైదరాబాద్‌లో అతి పెద్ద భోజనం చాలా ఇళ్లలో రాత్రి తొమ్మిదిన్నరకు. ఆ వేళకు పార్కు గేట్లకు తాళాలు పడతాయి. మిగిలేది ఇంటి ముందున్న వీధే. చెన్నై వైద్యుల బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో ముందస్తు దశలో ఉన్నవాళ్లకు నడక, తిండి మార్పులు షుగర్ వచ్చే ముప్పును 28.5 శాతం తగ్గించాయి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర తగ్గించింది 26.4 శాతమే. మాత్రకు సాటివచ్చే మందు వీధిలో ఉంటే, ఆ వీధిని బాగు చేయడం వైద్యం కిందికే వస్తుంది.

వీధి ఎలా ఉందో కూకట్‌పల్లిలోనో మెహిదీపట్నంలోనో రాత్రి పదింటికి అడుగు బయటపెడితే తెలుస్తుంది. ఫుట్‌పాత్ మొదలవుతుంది. ఇరవై అడుగులు వేయగానే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె. దాన్ని చుట్టి రోడ్డు మీదికి దిగి మళ్లీ ఎక్కాలంటే గట్టు మోకాలెత్తు. పక్కింటివాళ్లు కారు లోపలికి పోవడానికి వేసుకున్న ర్యాంపు ఏటవాలుగా అడ్డం పడుతుంది. ఆ తర్వాత విరిగిన మూత, కింద నాలా. లైటు వెలగని స్తంభం దగ్గర కుక్కల గుంపు. మోకాళ్ల నొప్పులున్న యాభై ఏళ్ల ఆవిడను ఇక్కడ నడవమని చీటీ మీద రాసిస్తే ఆమె చేసేది ఒక్కటే, టీవీ ముందు కూర్చుంటుంది. ఆవిడకు బద్ధకం అనడం అన్యాయం.

కొలతలు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. దేశంలో రోడ్ల ప్రమాణాలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసి పెట్టింది: ఇళ్లున్న చోట అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ఇద్దరు పక్కపక్కనే నడవడానికి అంత చాలు. ఫ్లైఓవర్లకు దొరికే భూమి, డబ్బు ఈ ఆరడుగులకు దొరకవంటే నమ్మలేం. ప్రతి వార్డులో ఇళ్ల మధ్య నుంచి కిలోమీటరు చుట్టు ఒకటి ఎంచుకోవాలి. పావుగంటలో తిరిగి ఇంటికి చేరేలా ఉండాలి. ముందు ట్రాన్స్‌ఫార్మర్లు జరపాలి, తర్వాత ర్యాంపులను గేటు లోపలికి నెట్టించాలి, ఆ తర్వాతే టైల్స్ వేయాలి. ఇప్పుడు ముందు టైల్స్ వేసి తర్వాత కేబుల్ కోసం తవ్వుతున్నారు. లైట్లు రాత్రి పదకొండు దాకా తప్పనిసరిగా వెలగాలి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కంపెనీలు కూడా మధ్యాహ్నం ఒకటిన్నరకు మీటింగులు పెట్టడం మాని ఉద్యోగులను పావుగంట బయటికి వదలాలి. రోడ్డు కాంట్రాక్టరు బిల్లు పాసయ్యే ముందు వార్డు ఇంజినీరు టేపు పట్టుకుని ఆ 1.8 మీటర్లు కొలవాలి, కొలిచిన అంకె బిల్లు మీద రాసి సంతకం పెట్టాలి. అంకె తక్కువైతే బిల్లు ఆపాలి.