డిపాజిట్‌తో డిగ్రీని తూచిన లెక్కలో తప్పులు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాల ఫోన్లలో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. మెకానికల్, ప్రొడక్షన్, మెటలర్జీ వంటి పారిశ్రామిక సాంకేతిక డిగ్రీకి 8 లక్షలు ఖర్చవుతుందనీ, చివరికి వచ్చేది 15 వేల జీతమేననీ, ఆ సొమ్మును 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏటా 56 వేలు ఊరికే వస్తాయనీ, అబ్బాయిని ఐటీఐలో చేర్చడమే తెలివనీ, తప్పదనుకుంటే ఆంధ్రాకు పంపితే ఫీజు ప్రభుత్వమే కడుతుందనీ, అన్ని కాలేజీలూ ఒకటి కావనీ, చదువు కోసం చేసిన అప్పు జీవితాంతం తీరదనీ దాని సారాంశం. దీన్ని నమ్మి ఇంటర్ పూర్తయిన పిల్లల చదువు ఆపాలనుకుంటున్న తల్లిదండ్రులు నాకు తెలుసు కనుక ఈ జవాబు రాస్తున్నాను.

ముందుగా ఆ 8 లక్షల సంగతి. అందులో హాస్టల్ భోజనం కూడా కలిసి ఉంది, కానీ పిల్లవాడు ఇంట్లో ఉన్నా అన్నం తింటాడు కాబట్టి ఇంటి ఖర్చుకన్నా ఎంత అదనమో అంతే చదువు ఖాతాలో రాయాలి. మరోవైపు, సందేశం అసలే పట్టించుకోని ఖర్చు ఒకటుంది. ఆ నాలుగేళ్లూ పనికి వెళ్లి నెలకు 10 వేలు సంపాదించేవాడైతే 4 లక్షల 80 వేలు వదులుకున్నట్టే. ఈ అంకె నా వాదానికి ఎదురు నిలుస్తుంది, అయినా దాన్ని దాచి వాదించడం న్యాయం కాదు.

వడ్డీ పోలికే ఈ సందేశానికి ప్రాణం, అక్కడే అది పెద్ద పొరపాటు చేసింది. ఏటా 56 వేలంటే నెలకు సుమారు 4,670 రూపాయలు, ధరలు ఎంత పెరిగినా ఆ అంకె పెరగదు. అసలు చేతిలోనే ఉంటుంది కదా అంటారు, కాబట్టి అసలును కూడా రాబట్టే లెక్కే వేద్దాం. 8 లక్షలు 7 శాతం వడ్డీతో సహా 35 ఏళ్ల ఉద్యోగ జీవితంలో తిరిగి రావాలంటే, డిగ్రీ లేకుండా వచ్చే జీతం కన్నా నెలకు సుమారు 5,150 రూపాయలు అదనంగా రావాలి. వదులుకున్న కూలి కూడా కలిపి 12 లక్షల 80 వేలుగా తీసుకుంటే ఆ తేడా సుమారు 8,240 అవుతుంది. డిగ్రీ లాభమా నష్టమా అనేది ఈ తేడా వస్తుందా రాదా అన్నదాని మీద ఆధారపడుతుంది తప్ప మొదటి నెల జీతం మీద కాదు.

ఉద్యోగంలో మొదటి ఏడాది జీతం విషయంలో సందేశం చెప్పినది కొంతవరకు నిజమే. 2019లో సవరించిన అప్రెంటిస్ నిబంధనల్లో కనీస స్టైపెండ్ ఐటీఐ వారికి 7 వేలు, డిప్లొమా వారికి 8 వేలు, డిగ్రీ వారికి 9 వేలుగా పెట్టారు, అంటే గుమ్మం దగ్గర తేడా స్వల్పమే. అయితే మన చుట్టూ ఉన్నవి జేకేపూర్ కాగితపు మిల్లు, తేరుబలి ఫెర్రో అల్లాయ్స్, దమన్‌జోడి అల్యూమినా కర్మాగారం వంటివి. ఇటువంటి చోట్ల కాలం గడిచేకొద్దీ మెట్లు విడిపోతాయి. ఉదాహరణకు బాయిలర్ ఆపరేషన్ ఇంజనీర్ పరీక్షకు డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉండి, అనుభవం కూడా గడించినవారే కూర్చోగలరు. ఎంత పనితనం ఉన్నా ఐటీఐ ధ్రువపత్రం ఒక్కదానితో ఆ మెట్టు ఎక్కలేరు.

ఐటీఐని చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. మంచి ఫిట్టర్‌కు దొరికే గౌరవం నేను కళ్లారా చూశాను. కానీ ఐటీఐనీ డిగ్రీనీ రెండు వేరు దారులుగా చూపడమే తప్పు. పదో తరగతి తరువాత రెండేళ్ల ఐటీఐ, లేటరల్ ఎంట్రీతో డిప్లొమా రెండో ఏడాదిలో చేరి రెండేళ్లు, మళ్లీ అదే పద్ధతిలో బీటెక్ మూడేళ్లు, మొత్తం ఏడేళ్లు. ఇంటర్ మీదుగా వెళితే ఆరేళ్లు. ఒక్క ఏడాది తేడాతో చేతిలో మూడు ధ్రువపత్రాలుంటాయి, డబ్బు కరువైన చోట ఆగి పనిలో చేరవచ్చు. మా వైపు కుటుంబాలకు నేను ముందుగా చెప్పేది ఈ దారే. బరంపురంలోని ఉమా చరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూలు వంటి ప్రభుత్వ డిప్లొమా సంస్థలు దీనికి అందుబాటులో ఉన్నాయి.

సందేశంలో నేను పూర్తిగా ఒప్పుకునే మాట ఒకటుంది: అన్ని కాలేజీలూ ఒకటి కావు. మా బంధువుల అబ్బాయి చదివిన చోట లేత్ యంత్రం నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తిరగలేదు, ఆ డిగ్రీ నేను ముందు చెప్పిన జీతం తేడాను తేలేకపోయింది. ఫీజు కట్టక ముందే వర్క్‌షాపును కళ్లతో చూడాలి.

అప్పు జీవితాంతం తీరదన్న మాట మాత్రం అతిశయోక్తి. ఏటా లక్ష చొప్పున 4 లక్షలు 10 శాతం వడ్డీకి తీసుకుంటే, చదువూ ఆపై ఒక ఏడాదీ గడిచేసరికి సాధారణ వడ్డీతో 5 లక్షల 40 వేలవుతుంది, పదేళ్ల వాయిదా నెలకు సుమారు 7,140. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, కాలేజీకి నాణ్యతను పరీక్షించే సంస్థలైన నాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉంటే, ఆ ఐదేళ్ల వడ్డీని భరించే కేంద్ర పథకం ఉంది. అది దక్కితే వాయిదా సుమారు 5,290కి దిగుతుంది.

ఇక ఆంధ్రా మాట. అక్కడి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ రాష్ట్ర నివాసులకే, ఒడిశా నివాస పత్రం ఉన్న మన పిల్లలకు కాదు. తెలుగువాళ్లమే కదా అని సరిహద్దు దాటించి, పూర్తి ఫీజు కట్టాల్సి వచ్చి మధ్యలో మానిపించినవారు ఉన్నారు. ఒడిశాలో ఓజేఈఈ (రాష్ట్ర ఉమ్మడి ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ ద్వారా సీటు పొందిన అమ్మాయిలు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపైతే, సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. ప్రతిభ ఆధారంగా ఏటా 50 వేలు ఇస్తారు, ఒక ఇంటి నుంచి ఇద్దరు అమ్మాయిల వరకు అర్హులే, డిప్లొమాకూ ఇది వర్తిస్తుంది. దీనికి ఆదాయ ధ్రువపత్రం తప్పనిసరి కనుక, ప్రవేశాలు మొదలయ్యే ముందే తహసీల్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి.