సాక్ష్యం మూడు బొరుగులు

"లైనక్స్ ఎసెన్షియల్స్ అంటే మొదటి మెట్టు మామా, నువ్వు కూడా పాసైపోతావు" అన్నాడు బెంగళూరులో ఉండే మా మేనల్లుడు. ఆ 'కూడా' నాకు తగలాల్సిన చోటే తగిలింది. లైనక్స్ అంటే విండోస్ లాగా కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేరు, ఇది దాని మీద పెట్టే పరీక్ష. 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 500 వస్తే పాస్. అన్నిటికన్నా నాకు నచ్చింది, స్కోరు సున్నా దగ్గర కాకుండా 200 దగ్గర మొదలవడం. మా ఇంటర్ లెక్కల పేపరు దిద్దినాయనకు ఈ పద్ధతి తెలిసుంటే ఎంత బాగుండేది!

ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో ఉబుంటు అనే ఒక రకం లైనక్స్ వేసి, ప్రాక్టీసుకని నాకో అకౌంటు తెరిచి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పక్కన పెట్టుకుని కూర్చున్నా. పుస్తకంలో ఉన్నట్టే 'సుడో' (పెద్ద అధికారి హోదాలో ఈ పని చెయ్యి అని కంప్యూటరుకు చెప్పే మాట) అని మొదలుపెట్టి కమాండు కొట్టాను. అక్షరాలన్నీ ముచ్చటగా పడ్డాయి. ఎంటర్ నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. ఏమీ పడలేదు. గట్టిగా కొట్టాను. ఊహూ. ఏటీఎం కూడా నాలుగు చుక్కలైనా చూపిస్తుందే!

అనుమానమొచ్చి కీబోర్డు తిరగేసి తట్టాను. పసుపు పచ్చని బొరుగులు మూడు, కరివేపాకు ముక్క ఒకటి రాలాయి. ఇంకేముంది, కేసు తేలిపోయింది. వేరేచోట టైపు చేసి చూద్దామన్న ఆలోచనే రాలేదు. సాక్ష్యం కళ్లముందుంటే ఇంక విచారణ ఏంటికి?

"నీ ఉగ్గాని దెబ్బకు కీబోర్డు పోయింది" అన్నాను మా ఆవిడతో.

"నేను ప్లేట్లోనే పెట్టినానే" అంది.

కర్నూలు మే నెల ఎండలో, కీబోర్డు చంకలో పెట్టుకుని, దాని వైరు పక్కనావిడ ఒళ్లో పడకుండా చుట్టుకుంటూ షేర్ ఆటోలో రాజ్‌విహార్ దాకా పోయాను. షాపబ్బాయి తన కంప్యూటరుకు తగిలించి అన్ని కీలూ నొక్కి చూశాడు.

"బాగానే ఉంది సార్."

"నీ దగ్గర బాగుంటుందప్పా, దీని రోగమంతా మా ఇంట్లోనే" అని వాదించి, 450 రూపాయలిచ్చి కొత్తది కొన్నాను. వద్దన్నవాడి చేత అమ్మించుకుని మరీ వచ్చాను.

కొత్తదీ అంతే. పాస్‌వర్డ్ దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంది. ఇక ఫోన్ చేయక తప్పలేదు.

"నీకు వేసిన ఉబుంటులో సుడో పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఏమీ కనపడదు మామా. చుక్కలు కూడా రావు. వెనక నిలబడినోడు ఎన్ని అక్షరాలో లెక్కపెట్టకుండా అట్ల పెట్టినారు. గమ్మున కొట్టి ఎంటర్ నొక్కు. అవునూ, కీబోర్డుకేమో అయిందంటివి?"

"ఏం కాలేదు" అని పెట్టేశాను.

గమ్మున కొట్టి ఎంటర్ నొక్కాను. ఈసారి ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. సుడోయర్స్ అనే జాబితాలో నా పేరు లేదట. ఈ సంఘటన రిపోర్టు చేయబడుతుందట. నాకేమో అకౌంటు ఇచ్చి, అధికారం మాత్రం తన దగ్గరే పెట్టుకున్నాడన్నమాట మా వాడు. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటికైతే, ఇరవై ఏళ్ల గుమాస్తా ఉద్యోగంలో ఒక్క మెమో తీసుకోని నాకు చెమటలు పట్టాయి.

మా ఆవిడ వెనక నిలబడి కూడబలుక్కుంటూ చదివింది.

"ఎవరికి రిపోర్టు చేస్తారంట?"

"ఏమో."

"ఎవరికైతేనేం, ఆ 450 సంగతి కూడా రాయమను."