ఇటలీ ఊరి ఫార్వర్డు నాకు ఇక పంపకండి

ఈ నెలలో నాలుగోసారి వచ్చింది. ఈసారి పంపింది మా పెద్దమ్మ. "ఇటలీలో మెడిచి రాజుల ఊరు ఖాళీ అయిపోతోంది. ఎవరు వెళ్లి ఉన్నా కోటలో ఇల్లు ఫ్రీ, చేతికి 40 లక్షలు. మెడిచి వారసులే ఇస్తున్నారు. భాష రాకపోయినా పర్లేదు." కింద ఒక ఫోన్ నంబర్. ఆ నంబర్ లేకపోతే నేనూ చూసి వదిలేసేవాణ్ణి.

ఫొటోలో ఉన్న ఊరు సాంతో స్తెఫానో ది సెస్సానియో. మధ్య ఇటలీలోని అబ్రుజ్జో కొండల్లో 1,250 మీటర్ల ఎత్తున ఉంది. జనం వందకు కాస్త అటూఇటూ, వాళ్లలోనూ ముసలివాళ్లు ఎక్కువ. ఖాళీ అవుతోందన్న మాట వరకూ నిజమే.

కోట లేదు. ఒక గుండ్రటి బురుజు ఉంది. అది మెడిచీలకంటే పాతది. 2009 ఏప్రిల్ 6 భూకంపంలో కుప్పకూలితే మళ్లీ కట్టారు. అందులో ఎవరూ కాపురం ఉండరు.

మెడిచీలు రాజులు కారు. ఫ్లోరెన్స్‌లో బ్యాంకు నడిపిన కుటుంబం, తర్వాత ఫ్లోరెన్స్ ఉన్న తస్కనీ ప్రాంతానికి గ్రాండ్ డ్యూకులయ్యారు, అంటే రాజు కంటే ఒక మెట్టు తక్కువ పాలకులు. ఈ ఊరు తస్కనీలో లేదు, నేపుల్స్ రాజ్యంలో ఉండేది. 1579లో మెడిచీలు దీన్ని పిక్కొలోమిని కుటుంబం నుంచి కొన్నారు, పరాయి రాజు ఏలుబడిలో జమీ కొన్నట్టు. ఈ కొండల్లో గొర్రెల ముతక నల్ల ఉన్ని సన్యాసుల అంగీలకు, సైనికుల దుస్తులకు వెళ్లేది. చలికాలం వస్తే కాపరులు మందలను దక్షిణాన పూలియా మైదానాలకు తోలుకుపోయేవాళ్లు. ఈ ఊరి కలిమంతా ఆ గొర్రెల మీద వచ్చిందే. ఇక వారసులంటారా, ఆ గ్రాండ్ డ్యూకుల వంశంలో ఆఖరివాడు 1737లో, అతని అక్క 1743లో పోయారు. ఇళ్లు ఎవరు పంచుతున్నట్టు?

ఇప్పుడు డబ్బు సంగతి. నా కోపమంతా దీని మీదే. 2020లో ఆ ఊరి కౌన్సిల్ నిజంగానే ఒక పథకం ప్రకటించింది. మూడేళ్లపాటు ఏడాదికి 8,000 యూరోల వరకు, వ్యాపారం పెడితే మరో 20,000 వరకు. కానీ వయసు 40 లోపు ఉండాలి. ఐరోపా యూనియన్ పౌరులో, ఇటలీలో శాశ్వత నివాస అనుమతి ఉన్నవాళ్లో అయ్యుండాలి. కనీసం ఐదేళ్లు అక్కడే ఉండాలి. గైడ్‌గానో, మందుల షాపు పెట్టో, స్థానిక సరుకులు అమ్మో ఊరికి పనికొచ్చే పని చేయాలి. ఇల్లు ఊరికే రాసిస్తామనలేదు, నామమాత్రపు అద్దెకిస్తామన్నారు. ఆ దరఖాస్తుల గడువు అదే ఏడాది నవంబర్‌లో ముగిసింది. ఊరి కౌన్సిల్ వీసా ఇవ్వలేదు, ఏ ఏజెంటూ ఆ కౌన్సిల్ తరఫున మన దగ్గర ఫీజు వసూలు చేయలేడు. ఇది చదివి కూడా ఆ నంబర్‌కి ఫోన్ చేస్తానంటే ఇంకేం చెప్పాలి?

మా మేనత్త కొడుకు చేశాడు. "ఫైల్ ఫీజు" అని 35,000 అడిగితే, భార్య పాడుకున్న చీటీ డబ్బులోంచి తీసి పంపాడు. బదులుగా ఒక రసీదు వచ్చింది. దాని మీద రంగుల్లో మెడిచి ముద్ర, బంతులున్న డాలు. వారం తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ రసీదును ఇంకా లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకున్నాడు, ఎప్పటికైనా పనికొస్తుందని. అది చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

భాష సంగతా? ఇటాలియన్ రాకుండా ఆ ఊరి ముసలివాళ్లకు మందులు ఎలా ఇస్తారు?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మొదటిసారి చూసినప్పుడు మెడిచి పేరే కట్టుకథ అని పెద్దమ్మతో గట్టిగా వాదించాను. తప్పు నాదే పెద్దమ్మా. ఊరి ద్వారం మీద ఆ డాలు రాతిలో చెక్కి ఉంది, మావాడి రసీదు మీద ఉన్నలాంటిదే. ఆ ఒక్క నిజం చూపించే మిగతా అబద్ధాలు నమ్మించారు. నువ్వు ఎవరెవరికి పంపావో వాళ్లకు ఈ రాత్రే ఫోన్ చేసి, ఆ నంబర్‌కి ఎవరైనా డబ్బు కట్టారేమో కనుక్కో. కట్టి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వమను. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. మావాడు సిగ్గుపడి నెల ఆగాడు.