వంద మైళ్ల స్పీడున్న కుర్రాడికి ఒకేసారి పది పాఠాలు చెప్పొద్దు

గంటకి వంద మైళ్లు విసిరే పద్దెనిమిదేళ్ల కుర్రాడు దొరికితే ఏ బేస్‌బాల్ టీమ్ అయినా ఎగిరి గంతేస్తుంది. అసలు తిప్పలు తర్వాతే మొదలవుతాయి. బాల్ ఎటు పోతుందో వాడికే తెలీదు. ఓవర్లో సగం వైడ్లేసే ఫాస్ట్ బౌలర్ లాంటోడన్నమాట, కాకపోతే ఇక్కడ నాలుగు బాల్స్ జోన్ (బ్యాటర్‌కి అందాల్సిన మేర) బయటపడితే బ్యాటర్ కి ఫ్రీగా ఫస్ట్ బేస్ ఇచ్చెయ్యాలి, దాన్నే వాక్ అంటారు. ఇలాంటి కుర్రాళ్లు చాలామంది పాడైపోయేది టాలెంట్ చాలక కాదు, చుట్టూ ఉన్న పెద్దలు అన్నీ ఒకేసారి సరిచెయ్యబోవడం వల్ల అని నా గట్టి నమ్మకం.

స్టీవ్ డాల్కౌస్కీ అనే పిచ్చర్ (బాల్ విసిరేవాడు) సంగతే చూడండి. 1957లో బాల్టిమోర్ ఓరియోల్స్ వాళ్లు తీసుకుని కింగ్స్‌పోర్ట్ అనే చిన్న ఊరి టీమ్‌కి పంపారు, అక్కడ 62 ఇన్నింగ్స్‌లో (ఒక ఇన్నింగ్స్ అంటే మూడు ఔట్లు) 121 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేశాడు, 129 మందికి వాక్ ఇచ్చాడు. 1960లో స్టాక్‌టన్‌లో 170 ఇన్నింగ్స్‌కి 262 స్ట్రైకౌట్లు, వాక్‌లు కూడా సరిగ్గా 262! ఇక కోచ్‌లు ఊరుకుంటారా, రెండు వారాలపాటు రోజూ బ్యాటింగ్ ప్రాక్టీస్‌కి బాల్స్ వేయించారు, క్యాచర్‌ని (బ్యాటర్ వెనక బాల్ పట్టేవాణ్ణి) 15 అడుగుల దూరంలో కూర్చోబెట్టి వేయించారు, చూపు తక్కువని మందపాటి కళ్లజోడు పెట్టించారు. ఏదీ పని చెయ్యలేదు.

1962లో ఎల్మైరాలో ఎర్ల్ వీవర్ మేనేజర్‌గా దొరికాడు. ఆయన కొత్తగా ఏమీ చేర్చలేదు, ఉన్నవాటిలోంచి తీసేశాడు. ఫాస్ట్‌బాల్, స్లైడర్ (చివర్లో పక్కకి జారే బాల్) రెండే వెయ్యి, కాస్త స్పీడ్ తగ్గించి జోన్‌లో పడెయ్యి, అంతే. ఆ సీజన్లో 160 ఇన్నింగ్స్, 192 స్ట్రైకౌట్లు, వాక్‌లు 114. ఐదేళ్లుగా ఎవరివల్లా కానిది అలా అయింది. మరుసటి మార్చిలో మేజర్ లీగ్‌లో (అన్నిటికంటే పై లెవెల్) చోటు దాదాపు ఖాయం అనుకుంటుండగా యాంకీస్‌తో ప్రాక్టీస్ మ్యాచ్‌లో మోచెయ్యి దెబ్బతింది, మేజర్స్‌లో ఒక్క బాల్ కూడా వెయ్యకుండానే అతని కథ ముగిసింది. వీవర్ లాంటోడు 1958లోనే దొరికుంటే అని ఇప్పటికీ బాధేస్తుంది నాకు.

సియాటిల్ మెరినర్స్ పిచ్చర్ ర్యాండీ జాన్సన్‌కి ఆ అదృష్టం దక్కింది, అదీ ప్రత్యర్థి టీమ్ నుంచి. 1990 నుంచి 92 దాకా మూడేళ్లూ అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ వాక్‌లు ఇతనివే. 1992లో టెక్సాస్ రేంజర్స్ పిచ్చింగ్ కోచ్ టామ్ హౌస్, ఆ టీమ్ పిచ్చర్ నోలన్ రయాన్ కలిసి ఒకే ఒక్క సంగతి చెప్పారు, ముందుకాలు మడమ మీద కాకుండా మునివేళ్ల దగ్గర ఆనేలా దిగమని. 144 ఉన్న వాక్‌లు మరుసటి ఏడాది 99కి తగ్గాయి, స్ట్రైకౌట్లు 308.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మనవాళ్లు బోలెడుమంది, రేంజర్స్ డబుల్-ఏ (మేజర్స్‌కి రెండు మెట్లు కింది లెవెల్) టీమ్ రఫ్‌రైడర్స్ ఆడేది అక్కడే. ఆ స్టేడియంలో బుల్‌పెన్ (పిచ్చర్లు వార్మప్ చేసే చోటు) సీట్ల మధ్యలోనే ఉంటుంది, వార్మప్‌లో బాల్ గ్లవ్‌లో పడిన చప్పుడు పక్కనే పేలినట్టుంటుంది, క్యాచర్ ఎడమకీ కుడికీ దూకడం చూస్తే వాక్‌లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు. 2021 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునే చోట) రెండో పిక్‌గా వచ్చిన జాక్ లైటర్ ఇక్కడే 2022లో 5.54 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు) నలిగిపోయాడు. 2023 మధ్యలో రేంజర్స్ అతన్ని మ్యాచ్‌లనుంచి తప్పించి డెవలప్‌మెంట్ లిస్ట్‌లో పెట్టి యాక్షన్ మీద పని చేయించారు, 2024 ఏప్రిల్‌లో మేజర్స్‌లో అడుగుపెట్టాడు. రెండో పిక్ కుర్రాణ్ణి సీజన్ మధ్యలో పక్కన పెట్టడానికి గుండె ధైర్యం కావాలి, జనం ఏమంటారో అని చూసుకోలేదు వాళ్లు, ఆ విషయంలో నాకు గౌరవం.

ఇప్పుడు ప్రతి బాల్ స్పిన్, రిలీజ్ పాయింట్, కదలిక అన్నీ మెషీన్లు కొలిచేస్తున్నాయి కాబట్టి కోచ్ చేతిలో ఇరవై నంబర్లుంటాయి, ఇరవయ్యీ కుర్రాడికి చెప్పాలనిపిస్తుంది. దానికి తోడు ఒక్కో లెవెల్‌లో ఒక్కో పిచ్చింగ్ కోచ్, డబుల్-ఏ కింద ఉండే లో-ఏలో ఒకాయన చెప్పింది వంటబట్టేలోపే హై-ఏలో ఇంకొకాయన ఇంకోటి మొదలెడతాడు. ఇలాంటి రా (ఇంకా సానపట్టని) పిచ్చర్ మీద కోట్లు పెట్టే క్లబ్బులు కనీసం అతని విషయంలో అయినా ఒకే కోచ్‌ని రెండు మూడేళ్లు లెవెల్స్‌తో పాటు వెంట పంపాలి, ఆ సీజన్‌కి ఏ ఒక్క సంగతి మీద పని చెయ్యాలో తేల్చే అధికారం కూడా ఆయనకే ఇవ్వాలి.