పెట్ట కాని పెట్టెగారికి

మహారాజశ్రీ టర్కీ పిలుపుపెట్టెగారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అమెరికా మిస్సోరి రాష్ట్రం ఓజార్క్ కొండల్లో, వాగు పక్కన తెల్ల ఓక్ చెట్టు మీద రాత్రుళ్ళు పడుకునే టర్కీ పుంజు కూడా క్షేమమే. అది అంత క్షేమంగా ఉండడానికి కారకులు మీరే కాబట్టి ఈ ఉత్తరం.

మిమ్మల్ని ఎరగనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మీరు అడవి టర్కీ కోడిపుంజుని వేటగాడి దగ్గరికి రప్పించే, జానెడు పొడవున్న చెక్కపెట్టె. ఒక చివర స్క్రూతో బిగించిన తెడ్డులాంటి మూత. ఆ మూత అడుగున సుద్ద రాసి, పెట్టె పక్కచెక్క అంచు మీద గీస్తే టర్కీ పెట్ట పిలిచినట్టు "క్యావ్, క్యావ్" అంటారు. 1897లో అర్కన్సాస్ రాష్ట్రం డార్డనెల్ ఊరి హెన్రీ గిబ్సన్ మీ పెద్దల్లో ఒకరికి పేటెంటు తెచ్చాడు. మీ వంశంలో "ఫూల్‌ప్రూఫ్" అని పేరు పెట్టుకున్న పెట్టె కూడా ఉంది. ఎంత తెలివితక్కువవాడి చేతిలో పెట్టినా పని జరిగిపోతుందని భావం. నన్ను చూడకముందు పెట్టిన పేరు, పాపం.

మీరు కూసేది పెట్టలా, ఉన్నది పెట్టెలా. తెలుగులో ఒక్క ఎత్వమే తేడా. ఆ ఎత్వం పుంజు కంట పడనంతసేపే మన నాటకం. పోనీ ఫోన్‌లో రికార్డు చేసిన కూత పెట్టి వినిపిద్దామా అంటే ఇక్కడి చట్టం ఒప్పుకోదు. మీరే దిక్కు.

మా తాతల కాలంలో కౌజుపిట్టల వేటగాళ్ళు పెంపుడు కౌజుని బోనులో పెట్టి చేలగట్టున ఉంచేవాళ్ళు. దాని కూత విని అడవి కౌజులు వచ్చేవి. దాన్ని దీమం అనేవాళ్ళు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఇప్పుడు ఆ వేట నేరం, అది వేరే సంగతి. నేను చెప్పేదేమిటంటే, ఆ దీమప్పిట్టకి ఎప్పుడు కూయాలో ఎప్పుడు ఊరుకోవాలో ఎవరూ నేర్పలేదు. అదీ పిట్టే కదా. మీకు ఆ ఇంగితం లేదు. మీకున్నదల్లా నా చెయ్యి. నా చేతికి ఉన్నదల్లా దురద.

అసలు విషయానికొస్తాను. ఏప్రిల్ మూడో వారం, సీజన్ మొదలవడానికి ముందురోజు సాయంత్రం. టర్కీలకి చీకట్లో చూపు ఆనదు. అందుకని పొద్దుగూకే వేళకి చెట్టెక్కి, తెల్లారి వెలుగొచ్చాక గానీ దిగవు. ఏ చెట్టెక్కిందో ముందురోజే కనిపెట్టుకుంటే సగం పని అయినట్టే. మా పక్క పొలం పెద్దాయన, డెబ్బై దాటినవాడు, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని గుడ్లగూబలా కూశాడు. వాగు అవతలి చెట్టు మీంచి వెంటనే "గొబలబలబలబలా!" అని వచ్చింది. గుడ్లగూబ మీద ప్రేమతో కాదు, ఉలికిపాటుతో. ఉరుము ఉరిమినా, కారు తలుపు దబ్బున వేసినా అలాగే అరుస్తుందట. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒకరు గుడ్ మార్నింగ్ పెట్టగానే పదిహేను పూలగుత్తులు వచ్చిపడతాయి చూడండి, అదే జబ్బు.

"పడుకోబెట్టాం. పొద్దున ఐదింటికల్లా చెట్టుకింద కూర్చుని ఉండాలి. మూడు కూతలు, అంతే," అన్నాడు పెద్దాయన. ఆ మాటన్నప్పుడు మీరు నా చొక్కా జేబులోనే ఉన్నారు. వినలేదనకండి.

మర్నాడు పొద్దున చీకట్లో వెళ్ళి, పుంజున్న చెట్టుకి నూటయాభై గజాల ఇవతల, భుజాల కంటే వెడల్పాటి ఓక్ మొదలుకి వీపు ఆనించి కూర్చున్నాను. ఒంటి మీద ఎరుపు, తెలుపు, నీలం ఏవీ ఉండకూడదు, పుంజు తలకాయ రంగులు అవే. ఇంకో వేటగాడు పొరపడితే కోడికీ మనకీ తేడా ఉండదు. నాకు మొదటి టెన్షన్ అక్కడే పట్టుకుంది. అడవిలో ఏదో రాత్రిపిట్ట ఒకే మాట వందసార్లు అంటోంది. తూర్పున కొద్దిగా బూడిదరంగు తిరిగింది. ఒక కార్డినల్ పిట్ట ఈల వేసింది. అప్పుడు కొమ్మ మీద పుంజు తనంతట తానే మొదటి కూత కూసింది.

ఇక్కడ ఒక లెక్క ఉంది పెట్టెగారూ. ఆ సమయంలో పుంజు కూసేది "నేనిక్కడున్నాను, మీరే రండి" అని. పెట్టలు లేచి, దిగి, దాని దగ్గరికి నడిచి వెళ్ళాలి. టర్కీల ఆచారం అది. మనం ఆ ఆచారాన్ని తిప్పేసి, పుంజునే మన దగ్గరికి రమ్మంటున్నాం. కాబట్టి కొమ్మ మీద ఉన్నంతసేపు అది పుంజు కాదు, అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడు. ఒకసారి "బాబూ, భోజనానికి లేవండి" అంటే ఏ మూలో మనసు కరుగుతుంది. అదే మాట అత్తా, మావా, బావమరిదీ వంతులేసుకుని పదిసార్లు అంటే ఇంకెందుకు దిగుతాడు? మోటార్‌సైకిల్ వస్తుందేమోనని ఇంకాసేపు కూర్చుంటాడు.

అందుకే పెద్దాయన చెప్పిన మూడు కూతలు. అవి కూడా ఎలా? నిద్ర కళ్ళతో ఆవులిస్తూ పక్క కొమ్మ మీదావిడని "లేచావా వదినా" అన్నట్టు, గొంతులోనే. అదీ పుంజు కూశాక, ఆకులు ఒకదాన్నుంచి ఒకటి విడిగా కనిపించేంత వెలుగొచ్చాక. చీకట్లో ఏ పెట్టా పిలవదు. పుంజు జవాబిచ్చిందంటే మనం ఎక్కడున్నామో దానికి అంగుళాలతో సహా తెలిసిపోయినట్టే. ఇక మిమ్మల్ని కింద పెట్టెయ్యాలి.

పెట్టానా? మూడు కూతలు గీశాను. "గొబలబలబలా" అంది. నా గుండె ఝల్లుమంది. అమెరికా వచ్చిన ఇన్నేళ్ళలో నేనొక మాట అంటే ఇంత ఉత్సాహంగా బదులిచ్చిన ప్రాణి ఇంకోటి లేదు. టీమ్ మీటింగులో సరే, ఇంట్లో కూడా లేదు. ఇంకోసారి గీశాను, ఇంకాస్త గట్టిగా. అది రెండు కూతలు కలిపి కూసింది. సుద్దపొడి నా వేళ్ళ మీద, మోకాలి మీద రాలుతోంది. మీ మూత వేడెక్కింది. నేను ముప్పైనాలుగు కూతల దాకా లెక్కపెట్టాను, ఆ తర్వాత లెక్క మరిచిపోయాను. నా అంత మొనగాడు ఓజార్క్‌లో లేడనిపించింది. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి ఎలా తెల్లారుతుందన్న అవ్వ నాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఈలోగా పైన ఏం జరిగిందంటారా? అరవై అడుగుల ఎత్తున కూర్చున్న పుంజుకి తల కాస్త తిప్పితే చుట్టూ అంతా కనిపిస్తుంది. మీ కూత వస్తున్న చోట ఎండుటాకులున్నాయి, ఓక్ మొదలుంది, పెట్ట మాత్రం లేదు. ఇంత గోల చేసే పెట్ట ఇంత వెలుగులో కనపడకపోవడమేమిటి? దానికి అనుమానం వచ్చిందో, పెట్టే నడిచొస్తుందిలే అని బెట్టు చేసిందో గానీ కొమ్మ దిగలేదు. ఇంతలో మీ గోలకి నిజమైన పెట్టలు నాలుగు లేచాయి. మీ మీద సవతి కోపంతో మీ కంటే గట్టిగా కూసి, రెక్కలు టపటపలాడిస్తూ వాగు అవతల దిగాయి. అల్లుడుగారు వాటి వెనకాలే దిగారు. ఆ తర్వాత ఒక కూత కొండ మలుపు నుంచి వినిపించింది. మరొకటి ఇంకా దూరం నుంచి. ఆపైన వాగు చప్పుడొక్కటే మిగిలింది.

పెద్దాయన కాలిబాట మీద నా కోసం ఆగి ఉన్నాడు. తిట్టలేదు. "పొద్దున్నే రేడియో పెట్టింది నువ్వేనా అబ్బాయ్?" అన్నాడు.

ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. వేట మితిమీరి, అడవులు నరికేసి, ఒకప్పుడు ఈ రాష్ట్రంలో టర్కీలు దాదాపు కనుమరుగయ్యాయి. ఉన్నచోట వల వేసి పట్టి, లేనిచోట వదిలి, ఏళ్ళ తరబడి ఎదురుచూసి, 1960లో వసంతకాలపు వేటని మళ్ళీ తెరిచారు. తుపాకులు, తూటాల మీద కట్టే కేంద్ర పన్నులో వాటా కూడా 1937 నాటి చట్టం ప్రకారం ఇలాంటి పనులకే వెళుతుంది. అంటే ఈ పుంజు ఇవాళ ఈ కొమ్మ మీద కూర్చోవడానికి అన్నేళ్ళు ఓపిక పట్టినవాళ్ళున్నారు. మీరూ నేనూ ఇరవై నిమిషాలు పట్టలేకపోయాం.

రెండో రోజు ఆయన నా పక్కనే కూర్చున్నాడు. మూడే కూతలు, మీలాగే పెట్ట కూత కూసే చిన్న పలక మీద ఆయన పుల్లతో గీసినవి. నాకే సరిగ్గా వినపడలేదు. పుంజు జవాబిచ్చింది. ఆయన పలక పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుళ్ళో హరికథకి వచ్చినవాడిలా కూర్చున్నాడు. పుంజు కూసింది, ఈయన ఉలకలేదు. మళ్ళీ కూసింది, ఈయన పలకలేదు. నా ప్రాణం గిలగిలలాడింది. పది నిమిషాలు గడిచాక పెద్ద రెక్కల చప్పుడైంది. దిగింది! అప్పుడు మాత్రం ఆయన టోపీ తీసి తొడ మీద నాలుగుసార్లు టపటపా కొట్టాడు, పెట్ట కూడా దిగినట్టు. వెంటనే పలక మీద కాస్త పైస్థాయిలో రెండు కూతలు. నేల మీదికొచ్చాక గొంతు పెంచినా తప్పులేదట.

అరవై గజాల దూరంలో పుంజు కనిపించింది. తోక విప్పింది. తెల్లటి నడినెత్తి, ఎర్రటి మెడ, ఛాతీ మీద వేలాడే గడ్డం. ఇక్కడ వసంతకాలపు వేటకి ఆ గడ్డమే అర్హత. దాని ఛాతీలోంచి వచ్చే "ఊమ్" అన్న మోత చెవికి కాదు, నా పక్కటెముకలకి తగిలింది. ఇంకో ఇరవై గజాలు వస్తే చాలు. అక్కడే ఆగింది. నా కుడిచెయ్యి, నన్నడక్కుండా, మిమ్మల్ని వెతుక్కుంటూ జేబు వైపు రెండంగుళాలు జరిగింది.

"పుట్!" అందది. టర్కీకోళ్ళ భాషలో ఆ మాటకి ఒకటే అర్థం, ప్రమాదం. అది పరిగెత్తిన వేగం చెబితే మీరు నమ్మరు.

మా వైపు ఒక సామెత ఉంది, ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని. మొదటిది నా వల్ల కాలేదు. రెండోది తిరుపతిలో ఎన్నోసార్లు చేయించాను. కాబట్టి నేరం సగం నాదే అని ఒప్పుకుంటున్నాను. మిగతా సగం మాత్రం మీదే. ముట్టుకుంటే పలికే గుణం మీది. నిలబడ్డా, నడిచినా, వంగినా జేబులో కిర్రుమంటారు. మీ నోటికి రబ్బరు బ్యాండు వెయ్యమని పెద్దాయన చెప్పింది అందుకే.

ఇట్లు,
మీ కూతలకి జవాబుదారీ వహిస్తున్న
ఒక మిస్సోరి తెలుగువాడు

తా.క.: ఉత్తరం పోస్టు చేసేలోపు ఇంకో శనివారం వచ్చింది, చెప్పక తప్పదు. ఆ పొద్దున మీ రబ్బరు బ్యాండు కనపడలేదు. ఇల్లంతా వెతికాను. "ఏమండీ, అది జంతికల ప్యాకెట్‌కి వేశాను," అంది మా ఆవిడ నిద్రలోంచి. దాంతో ఆలస్యమైంది. వాగు దాటేసరికే ఆకాశం తెల్లబడింది. గట్టెక్కుతూ కాలు జారితే మీరు వెనకజేబులో ఒక్కసారి, మెల్లగా, "క్యావ్" అన్నారు. నూట ఇరవై గజాల అవతల కొమ్మ మీంచి వెంటనే జవాబు. చెట్టు ఎంచుకునే వ్యవధి లేదు, పక్కనున్న మొదలుకే ఆనుకుని కూలబడ్డాను. మీరు వీపుకీ మొదలుకీ మధ్య ఇరుక్కుపోయారు. తీద్దామంటే కదలాలి. కదిలితే చూస్తుంది. కాబట్టి మీరూ నేనూ జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని పాతిక నిమిషాలు కూర్చున్నాం. ముప్పై అయిదు గజాల దాకా నడిచొచ్చింది.

తొడమాంసం గట్టిది. అల్లం వెల్లుల్లి, గుంటూరు కారం, కాస్త గసగసాలు వేసి కుక్కర్లో పెట్టాం. పెద్దాయన మా వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని కుక్కర్ కూతలు లెక్కపెట్టాడు. తొమ్మిది. ఎవరూ ఆపమనలేదు.