వదిలేసింది ఎవరు?

అక్టోబరు రెండో శనివారం ప్రపంచ పాలియేటివ్ కేర్ (నొప్పీ బాధా తగ్గించే ఉపశమన వైద్యం) దినం. బ్యానర్లు కడతారు, ఫొటోలు దిగుతారు. దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పల్లెల్లో కేన్సర్ ముదిరిన మనిషికి ఆ రాత్రి కూడా పారాసెటమాలే గతి.

నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పిమందు మార్ఫిన్. అది మొదలుపెట్టారంటే ఇక వదిలేసినట్టేనని బంధువులు బెదిరిపోతారు. కొందరు డాక్టర్లదీ అదే ధోరణి. మరి చివరి కీమో అయ్యాక 'ఇంటికి తీసుకెళ్లండి' అని చీటీ రాసి విశాఖలో రైలెక్కించడాన్ని ఏమనాలి? అక్కడ ఇచ్చిన మాత్రలు అయిపోతే, మంచం దిగలేని తండ్రి కోసం కొడుకు కూలి మానుకుని మళ్లీ ఆ రైలే ఎక్కాలి. వదిలేయడమంటే ఇదీ. ముదిరిన ఊపిరితిత్తుల కేన్సర్ రోగులపై అమెరికాలో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. మొదటినుంచీ ఉపశమన వైద్యం కూడా అందినవారి మధ్యస్థ ఆయుష్షు 11.6 నెలలు, అందనివారిది 8.9.

మార్ఫిన్ ఇవ్వడమేమీ బ్రహ్మవిద్య కాదు. సాధారణంగా 5 లేదా 10 మిల్లీగ్రాముల మాత్రతో మొదలుపెట్టి, నాలుగు గంటలకోసారి గడియారం చూసి ఇవ్వాలి. నొప్పి లేచేదాకా ఆగకూడదు. పడుకునేముందు వేసే మోతాదును డాక్టరు రెండింతలు రాస్తే నడిరాత్రి లేపే పని ఉండదు. మార్ఫిన్ మలబద్ధకం తెస్తుంది కాబట్టి మొదటి రోజునుంచే విరేచనం సాఫీగా అయ్యే మాత్ర జతపడాలి. తప్పంతా ఇక్కడే జరుగుతోంది: ఆ రెండో మాత్ర రాయరు, నాలుగోనాటికి కడుపు బిగుస్తుంది, 'మందు పడలేదు' అని ఇంట్లోవాళ్లు మార్ఫినే మానేస్తారు. అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం) అలవాటున్న ప్రాంతమిది, నోటి కేన్సర్లు కొత్త కాదు. దవడ తొలుచుకుని బయటపడ్డ పుండు వాసనకు మనవలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. ఉప్పునీళ్లతో కడిగి, మెట్రోనిడజోల్ మాత్ర మెత్తగా నూరి చల్లి కట్టుకడితే కొద్దిరోజుల్లో ఆ వాసన తగ్గుతుంది. ఈ సంగతి ఇంటికి పంపేముందు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

గంజాయి రవాణా సాగే దారిలో మత్తుమందు నిల్వ పెడితే పక్కదారి పడుతుందన్న భయం ఉంది, కాదనం. అందుకు జవాబు చట్టమే చెప్పింది. 2014 సవరణతో మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టంలో లైసెన్సుల చిక్కుముడి వీడింది, ఆస్పత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ గుర్తింపు ఒక్కటి చాలు. శిక్షణ పొందిన డాక్టరు, తాళమున్న బీరువా, లెక్క తప్పని రిజిస్టరు కావాలి. కేరళ 2008లోనే ఉపశమన వైద్యానికి రాష్ట్ర విధానం తెచ్చింది, అక్కడ నర్సు రోగి ఇంటికే వెళ్తుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్ పొలాల్లో ప్రభుత్వ లైసెన్సుతోనే నల్లమందు పండుతుంది, విదేశాలకూ వెళ్తుంది. సముద్రాలు దాటే సరుకు రాయగడ దాకా రాలేకపోతోంది! వదిలేసింది బంధువులా, బల్లల వెనక కూర్చున్నవారా?

బీరువాకు తాళం, డాక్టరుకు శిక్షణ. ఈ రెంటికీ తీరిక చిక్కని అధికారులు వచ్చే అక్టోబరులో బ్యానరు పట్టుకోకుండా ఉంటే ఆ మర్యాదైనా దక్కుతుంది.