పక్క మంచం ఇన్సులిన్

మా నాయన ఇప్పుడు నా చేత్తో తప్ప ఇంకెవరి చేత్తోనూ ఇన్సులిన్ వేయించుకోడు. నాతో అయినా, ఇన్సులిన్ పెన్ను తిప్పి డోసు నంబరు చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని 10 అని రెండుసార్లు చదువుకుని, అప్పుడే చొక్కా పైకెత్తుతాడు. రెండేళ్ల కిందట ఇట్లా ఉండేవాడు కాదు. డాక్టరు మాటంటే దేవుడి మాట ఆయనకు.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, పేరు రాయను. కాలి పుండుకని చేర్చాం. మూడో రోజు పొద్దున ఏడున్నరకు సూది వేశారు, వెంటనే నేనే రెండు ఇడ్లీలు తినిపించాను. తొమ్మిదిన్నరకల్లా బనీను పిండితే నీళ్లు కారేంత చెమట, చేతులు చల్లగా అయిపోయాయి, నన్ను పట్టుకుని ఎప్పుడో చనిపోయిన మా పెద్దనాన్న పేరు పెట్టి పిలుస్తున్నాడు. షుగర్ చూస్తే 41. గ్లూకోజ్ ఎక్కించాక మెల్లగా తేరుకున్నాడు.

రౌండ్స్‌కొచ్చిన డాక్టరు "పెద్దాయన సరిగా తినలేదమ్మా, అందుకే డౌన్ అయింది" అన్నారు. తిన్నాడు సార్, నేనే తినిపించాను అంటే, ఈ వయసులో ఇవన్నీ మామూలే అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు. సాయంత్రం డ్యూటీ దిగే ముందు ఒక నర్సమ్మాయి నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, "అక్కా, పక్క బెడ్ వాళ్ల డోసు పడింది, 30 యూనిట్లు. నేను చెప్పానని చెప్పొద్దక్కా" అంది. ఆ పిల్ల చేతులు వణుకుతున్నాయి. తప్పు తనదో కాదో కూడా నాకు తెలీదు, కానీ ఆ ఆసుపత్రి మొత్తంలో మాతో నిజం మాట్లాడింది తనొక్కతే.

కేసు షీటు కాపీ అడిగాను. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మాకు ఇవ్వడానికి 11 రోజులు తిప్పారు. చేతికొచ్చాక చూస్తే ఆ ఒక్క పేజీలోనే రాత వేరు, ఇంకు వేరు. "పేషెంట్ ఆహారం తీసుకోలేదు" అని రాసి ఉంది. ఆ ఇడ్లీ తినిపించిన చెయ్యి నాది!

పొరపాటు ఎవరైనా చేస్తారు. వార్డంతా ఇద్దరు నర్సు పిల్లల మీద పడేసి రాత్రంతా నిద్ర లేకుండా పని చేయిస్తే సూది మారకుండా ఎట్లా ఉంటుంది? ఆ డాక్టరే వచ్చి, అమ్మా మా వల్ల తప్పు జరిగింది, ఇవాళంతా గంటగంటకూ షుగర్ చూస్తాం అని ఉంటే, నేను ఏడ్చేదాన్ని, నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని, రాత్రికి సర్దుకునేదాన్ని. పైగా ఎంత ఇన్సులిన్ పడిందో తెలిస్తేనే కదా ఎంతసేపు కనిపెట్టుకుని ఉండాలో తెలిసేది? ఒకసారి గ్లూకోజ్ ఎక్కిస్తే అయిపోదు, షుగర్ మళ్లీ పడిపోవచ్చు. వాళ్లు దాచింది మా నాయన ప్రాణానికి సంబంధించిన సంగతి.

నిజం చెప్తే జనం అద్దాలు పగలగొడతారు, కేసులేస్తారు అంటారు డాక్టర్లు. ఆ భయం ఉత్తదని నేను అనను. డాక్టర్ల మీద చెయ్యి చేసుకునేవాళ్లను లోపలెయ్యాల్సిందే, మన రాష్ట్రంలో 2008 నుంచి దానికి చట్టం ఉంది. ఇక కేసుల సంగతంటే, డాక్టర్ల మీద కన్స్యూమర్ కోర్టుకెళ్లే దారి 1995లో సుప్రీంకోర్టు తీర్పుతోనే తెరుచుకుంది. కానీ అమెరికాలో మిచిగాన్ యూనివర్సిటీ ఆసుపత్రులు 2001 నుంచి, తప్పు జరిగితే ముందు తామే ఇంటివాళ్లను కూర్చోబెట్టి చెప్పడం, క్షమాపణ అడగడం, నష్టపరిహారం ఇవ్వడం మొదలుపెట్టాయి. 2010లో ఆ లెక్కలు బయటికొచ్చాయి. లక్ష విజిట్లకు 2.13 ఉండిన కోర్టు కేసులు 0.75కు దిగాయి. మేం కేసు వెయ్యలేదు గానీ, వెయ్యాలని ఇంట్లో మొదటిసారి మాట వచ్చింది ఆ వేరే ఇంకు చూసిన రోజే.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ఇంటికొచ్చాక నాయన రెండు నెలలు ఇన్సులిన్ ముట్టలేదు, ఎవరిదో నాకు పొడుస్తారు అంటాడు. షుగర్ మూడొందలు దాటింది. చిత్తూరోళ్లం కదా, తేడా వస్తే వేలూరు బస్సెక్కడమే. అక్కడి డాక్టరు అరగంట కూర్చుని బొమ్మ గీసి మరీ చెప్పారు, బొటనవేలు తీసేయకపోతే పాదం పోతుందని. నాయన నా చెవి దగ్గరికొచ్చి "వీళ్లు గూడా ఏందో దాస్తా ఉండారు మే" అన్నాడు. ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజుల్లో రెండో వేలు కూడా నల్లబడింది. అబద్ధం చెప్పినాయన తిరుపతిలో హాయిగా ఉన్నాడు, నిజం చెప్పిన డాక్టరును మా నాయన దొంగను చూసినట్టు చూశాడు.

ఇంకొకటి నన్ను నిద్రపోనివ్వదు. ఆ రోజు పక్క మంచం మీద పుత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు, వాళ్ల కోడలు మాకు ఫ్లాస్కులో టీ ఇచ్చేది. ఆయన 30 యూనిట్లు మా నాయనకు పడితే, ఆయనకు ఏం పడింది? అసలు పడిందా? వాళ్లకు ఎవరైనా చెప్పారా? నేను కూడా చెప్పలేదు, ఆ నర్సమ్మాయి ఉద్యోగం పోతుందని.